జింక కార్జం, రూతు పరిగె



నిరుడు నవంబరులో అమెరికాలోని కొన్ని తెలుగు సహవాసాల పిలుపు మీద మేము వాక్యపరిచర్యకు వెళ్ళివచ్చిన సంగతి మీకు తెలుసు. తిరిగి వచ్చాక మందిరంలో సాక్ష్యం చెప్పాం. విమానం గురించి చెప్పాం, మంచు గురించి చెప్పాం, అక్కడి మందిరాల గురించి చెప్పాం. ఒక్క సంగతి మాత్రం ఏడాదిగా దాచుకున్నాం. అది ఒక జింక కార్జం సంగతి. చిన్న విషయం గదా అని వదిలేయలేదు, సిగ్గుపడి దాచాం. మళ్ళీ క్రిస్మస్ ప్రేమవిందు దగ్గర పడుతోంది. ఇక దాచితే తప్పవుతుందని మనసు గద్దిస్తోంది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాం.

మేము చివరగా బస చేసింది విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో. మన సండేస్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి బహుమానాలు తీసుకున్న ఒక తమ్ముడు అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాడు. ఇంటి చుట్టూ పాడి పశువుల కొట్టాలు, కోత అయిపోయిన మొక్కజొన్న చేలు, వాటి వెనక అడవి. మన నల్లమల అంచు ఊళ్ళలో మాదిరే చీకటి పడితే జింకలు చేలల్లోకి దిగుతాయి. పరుగెత్తేటప్పుడు తోక ఎత్తితే కింద తెల్లగా మెరుస్తుంది గనుక వాటిని తెల్లతోక జింకలు అంటారు.

ముందుగా ఒక మాట. మన దేశంలో జింకను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ మాంసం ఇంట్లో దొరికినా జైలుకు పోవలసిందే. ఈ వ్యాసం చదివి మన కుర్రాళ్ళెవరూ అడవి వైపు చూడకూడదు. అక్కడి పద్ధతి వేరు. జింకలు పెరిగిపోయి చేలు పాడుచేస్తాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తాయి. అందుకని ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, ఎవరు ఎన్ని కొట్టవచ్చో లెక్క కట్టి వేటకు అనుమతిస్తుంది. థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలయ్యే తుపాకి వేట తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ ఒక్క రాష్ట్రంలోనే ఐదు లక్షల మందికి పైగా దానికి లైసెన్సు తీసుకుంటారు. ఆ తొమ్మిది రోజుల్లో పడే జింకలు లక్షన్నరకు పైమాటే. కొట్టిన ప్రతి జింకనూ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి.

జింక పడిన చోటే వేటగాడు దాని పొట్ట చీల్చి లోపలివన్నీ తీసేస్తాడు. వేడి తొందరగా దిగకపోతే మాంసం పాడవుతుంది గనుక ఆ పని ఆలస్యం చేయకూడదు. తీసినవన్నీ చాలామంది అక్కడే మంచు మీద వదిలేస్తారు. పొట్ట, పేగులు, ఊపిరితిత్తులు, వాటితోపాటే గుండెకాయ, కార్జం, మూత్రపిండాలు. చాలా రాష్ట్రాల చట్టం మాంసాన్ని వృథా చేయవద్దంటుంది గాని ఈ లోపలి భాగాలను ఆ లెక్కలోకి తీసుకోదు. తొడలు, జబ్బలు, వీపు మాంసం ఇంటికి పోతాయి. మిగిలిన కుప్ప కాకులకు, గద్దలకు, నక్కలకు.

మన తమ్ముడు తుపాకి పట్టడు. లైసెన్సూ లేదు. అయితే ఆ తొమ్మిది రోజులూ అతని ఫోను మోగుతూనే ఉంటుంది. "ఒకటి పడింది, వస్తావా?" అని ఇరుగుపొరుగు వేటగాళ్ళు పిలుస్తారు. అతను శుభ్రమైన బకెట్, చేతి తొడుగులు, ప్లాస్టిక్ సంచులు, ఐసుపెట్టె తీసుకుని, నారింజ రంగు చొక్కా తొడుక్కుని పోతాడు. ఆ రంగు లేకుండా వేట రోజుల్లో అడవిలోకి పోవడం ప్రాణాపాయం. ఐదేళ్ళ కిందట మొదటిసారి అడిగినప్పుడు వాళ్ళు వింతగా చూశారట. ఇప్పుడు ఆ కుప్పలో మట్టి అంటకుండా గుండెకాయ, కార్జం విడిగా తీసిపెట్టి మరీ పిలుస్తున్నారు.

మేము వెళ్ళిన రాత్రి భోజనానికి ఆ కార్జమే వేపుడు చేశాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి వేసి, ఎక్కడి నుంచి తెప్పించాడో గాని కరివేపాకు కూడా వేశాడు. వాసన మన ఇంటి వాసన. కానీ అది ఎలా వచ్చిందో విన్నాక మా చెయ్యి కంచం మీదికి పోలేదు. ప్రయాణంలో కడుపు బాగాలేదని అబద్ధం చెప్పి పెరుగన్నం తిన్నాం. పాస్టరు అబద్ధం చెప్పాడు. ఇది మొదటి ఒప్పుకోలు.

బల్లకు అవతల కూర్చున్న చెల్లెమ్మ కూడా తినలేదు. ఆమె దాచలేదు. "అయ్యగారూ, ఈయనకు ఎన్నిసార్లు చెప్పినా వినరు. మా అమ్మ కూలికిపోయి నన్ను చదివించింది ఇంకొకరు వదిలేసింది ఏరుకోవడానికి కాదు. ఈ ఊళ్ళో ఉన్నదే రెండు తెలుగు కుటుంబాలు. వీళ్ళు మనల్ని ఏమనుకుంటారు?" అంది. ఆ తమ్ముడు తల దించుకున్నాడు గాని వాదించలేదు. మమ్మల్ని చూశాడు. పాస్టరుగారు తీర్పు చెబుతారని అనుకున్నాడేమో. మేము ప్రార్థన చేసుకుందాం అని మాట తప్పించాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మీలో పెద్దవాళ్ళకు తెలుసు, మేము పుట్టిన ఊళ్ళో పెద్దవాళ్ళ ఇంట పెళ్ళి అయితే వేటలు కోసేవారు. మా అమ్మ ఆ ఇంటి వెనక గోడ దగ్గర తాటాకు బుట్ట పట్టుకుని నిలబడేది. కార్జం ఆ బుట్టలోకి ఏనాడూ రాలేదు. అది వాళ్ళ పిల్లలకు. మాకు వచ్చేది బోటి, ఊపిరితిత్తులు. అవి కూడా చేతికి ఇచ్చేవారు కాదు. దూరం నుంచి బుట్టలోకి విసిరేవారు. మాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి బుట్ట దగ్గరగా ఉందని ఒకాయన దాన్ని కాలితో వెనక్కి నెట్టాడు. అమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి సున్నం, పసుపు వేసి బోటి నాలుగుసార్లు కడిగి వండింది. ఆ పూట మేము తినలేదు. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మా వాటా గిన్నెలో పెట్టి మూత వేసింది. తెల్లారాక తనే తినింది.

సెమినరీ హాస్టల్లో ఇంటి కూరల గురించి మాట వస్తే మేము బోటి పేరు ఎత్తలేదు. మూడేళ్ళు ఎత్తలేదు. అది రెండో ఒప్పుకోలు. కాబట్టి ఆ రాత్రి విస్కాన్సిన్‌లో మేము వద్దన్నది కార్జాన్ని కాదు, ఆ బకెట్‌ను. ఆ చెల్లెమ్మ మాట్లాడింది కూడా మా మనసులోని మాటే.

తెల్లవారుజామున బైబిలు తెరిస్తే రూతు గ్రంథం దగ్గర ఆగాం. రెండో అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. బోయజు ఔదార్యం గురించి చెప్పాం, రూతు కష్టించే గుణం గురించి చెప్పాం. పదిహేనో వచనం దగ్గర ఏనాడూ నిలబడలేదు. అక్కడ బోయజు తన పనివాళ్ళకు రెండు ఆజ్ఞలు ఇస్తాడు. పనల మధ్య కూడా ఆమెను ఏరుకోనివ్వండి అన్నది ఒకటి. ఆమెను అవమానించవద్దు అన్నది రెండోది. పరిగె ఏరుకునే మనిషికి గింజలతోపాటు మర్యాద కూడా దక్కాలని ఆయనకు తెలుసు. గింజలు ఉండి మర్యాద లేకపోతే అది మా అమ్మ బుట్ట. రెండూ ఉంటే అది రూతు ఒడి.

మరొకటి కూడా చూశాం. పొలానికి పోతానని అడిగింది రూతే. ఎవరూ ఆమెను తోలలేదు. కోతవాళ్ళ పెద్దను అనుమతి అడిగింది. ఎవరి పొలంలో ఏరుతున్నదీ దాచలేదు. పొద్దుటి నుంచి పనిచేసింది. సాయంకాలం దుళ్ళగొట్టి, ఇంటికి తెచ్చి అత్తకు పెట్టింది. ఇందులో తల దించుకోవలసింది ఏముంది?

పొద్దున్నే తమ్ముడితో మేమూ వస్తామన్నాం. అతను ఆశ్చర్యపోయాడు గాని ఒక నారింజ చొక్కా మాకూ ఇచ్చాడు.

ఒక రైతు కొట్టం దగ్గర రెండు జింకలు వేలాడుతున్నాయి. ఆ ఇంటి పెద్దాయన దగ్గరలోని లూథరన్ సంఘంలో పెద్ద. వయసు డెబ్బై దాటింది. తమ్ముడు పని చేస్తుంటే చూస్తూ నిలబడ్డాం. మొదట కార్జం చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. నున్నగా, ముదురు ఎరుపులో, మచ్చలు లేకుండా ఉండాలి. తెల్ల మచ్చలున్నా, గడ్డలున్నా, కోసినప్పుడు చప్పిడి పురుగులు కనబడినా కాకులకే. తూటా తగిలినదీ వద్దు, ఎందుకంటే సీసపు రజను కంటికి కనబడనంత సన్నగా చెదురుతుంది, పిల్లలకు మంచిది కాదు. మేక కార్జానికి అంటుకుని ఉండే చేదు తిత్తి కోసం మేము వెతికితే అతను నవ్వాడు. "అయ్యగారూ, ఈ జింకకు అది ఉండదు. దేవుడు పెట్టలేదు," అన్నాడు. నిజమే. పిత్తాశయం లేని జంతువు అది. తర్వాత గుండెకాయ చుట్టూ ఉన్న పొర చీల్చి, నిలువునా కోసి, గడ్డకట్టిన నెత్తురు చన్నీళ్ళతో కడిగాడు. మూత్రపిండాలు కొవ్వులోంచి వొలిచాడు. ఒక్కో సంచి మీద వేటగాడి నమోదు సంఖ్య రాసి ఐసులో పెట్టాడు.

ఆ సంఖ్య ఎందుకని అడిగాం. జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. అది మెదడును తినేస్తుంది. వండినా చావదు. ఇంతవరకు మనుషులకు సోకినట్టు రుజువు లేదు గాని, జబ్బు ఉన్నదని తేలిన జింకను తినవద్దని అక్కడి ఆరోగ్యశాఖ గట్టిగా చెబుతుంది. అందుకని వేటగాళ్ళు జింక తలనుంచి నమూనా పరీక్షకు పంపుతారు. ఫలితం వచ్చేదాకా ఆ సంచి ఫ్రీజర్ దాటి రాదు. ముందురాత్రి మేము తినకుండా వదిలేసినది సెప్టెంబరులో మొదలయ్యే బాణాల వేటలో దొరికి, పరీక్షలో మంచిదని తేలినది.

ఆ దేశంలో ఉండి ఇది చదువుతున్న మన బిడ్డలు ఒక మాట జాగ్రత్తగా వినండి. ఇక్కడ మేక భేజా ఇష్టంగా తింటాం, తిల్లి తింటాం. జింక విషయంలో మెదడు, వెన్నుపాము, కళ్ళు, తిల్లి ముట్టుకోవద్దు. కార్జంలో విటమిన్ ఏ మెండుగా ఉంటుంది గనుక గర్భిణులు జాగ్రత్తపడాలి. కొన్ని చోట్ల నేలలో, నీళ్ళల్లో కలిసిన రసాయనాలవల్ల జింక కార్జం అసలే తినవద్దని ప్రభుత్వం చెప్పింది. విస్కాన్సిన్‌లోనే మేరినెట్ చుట్టుపక్కల అలాంటి హెచ్చరిక ఉంది. మీ ప్రాంతం సంగతి కనుక్కోండి. అడవి మాంసం అమ్మడం, కొనడం అక్కడ నేరం. ప్రేమతో ఇచ్చింది పుచ్చుకోవడం నేరం కాదు. ప్రార్థన చేసి తింటాం గదా అని పరీక్ష మానేయడం విశ్వాసం కాదు, ప్రభువును శోధించడం.

తమ్ముడు పొట్ట, పేగులు ముట్టుకోలేదు. "అవి కూడా శుభ్రం చేస్తే బోటి అవుతుంది గదా?" అన్నాం. "వాటికీ వాటా ఉండాలి గదా అయ్యగారూ," అని కొట్టం మీద వాలిన కాకుల్ని చూపించాడు. మాకు లేవీయకాండం పందొమ్మిది గుర్తొచ్చింది. పొలం అంచులదాకా కోయవద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని దేవుడు యజమానితో చెప్పాడు. ఏరుకునేవాడు కూడా తన వెనక వచ్చేవాటికి కొంచెం విడిచిపెట్టాలని ఆ తమ్ముడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. వేటగాళ్ళను కూడా మేము తప్పు పట్టం. వాళ్ళలో ఎంతోమంది జింకకు జింకనే ఆకలిగా ఉన్నవాళ్ళకు పంచే కేంద్రాలకు ఇచ్చేస్తారు. తెలియనిదాన్ని వదిలేయడం వేరు, తెలిసి అవమానించడం వేరు.

పని అయ్యాక ఆ పెద్దాయన బకెట్‌లోకి చాలాసేపు చూశాడు. తన చిన్నప్పుడు వేట మొదటి రాత్రి వాళ్ళమ్మ కార్జం ఉల్లిపాయలతో వేయించి అందరికీ పెట్టేదని, ఆమె పోయాక ఇంట్లో ఎవరూ వండలేదని చెప్పాడు. తర్వాత మన తమ్ముణ్ణి అడిగాడు, "మీరు వండితే నాకు కొంచెం ఇస్తారా?" అని.

ఆ సాయంకాలం ఆయన వాళ్ళ బల్ల దగ్గర కూర్చున్నాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నాడు. మేమూ తిన్నాం. చెల్లెమ్మ వడ్డించింది గాని తినలేదు. ఈనాటికీ తినదట. తినాలని మేము చెప్పం. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయం తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడవద్దంటుంది. ఆమె గాయం మాకు తెలుసు. ఆమెకు మేము చెప్పింది ఒక్కటే. "అమ్మా, నువ్వు తినకపోతే తప్పు లేదు. అతను ఏరుకున్నందుకు సిగ్గుపడకు."

ఆ ఇంట్లో హైస్కూలు చదివే అమ్మాయి మాకు ఒక సంగతి చెప్పింది. పాత ఇంగ్లీషులో జింక లోపలి భాగాలను అంబుల్స్ అనేవారట. వాటితో చేసే పిండివంట అంబుల్ పై. తర్వాత అది మాటల ఆటలో హంబుల్ పై అయింది. ఇంగ్లీషువాళ్ళు ఈనాటికీ తల వంచి తప్పు ఒప్పుకోవడాన్ని ఆ పై తినడం అంటారు. ఎవరు ఏ ముక్క తింటే ఎవరు తక్కువ అనే లెక్క మన ఊళ్ళోనే పుట్టలేదన్నమాట.

ఆ లెక్క దేవుడు పెట్టింది కాదు. ద్వితీయోపదేశకాండం పన్నెండు, పద్నాలుగు అధ్యాయాలు చూడండి, దుప్పి, జింక తినదగిన జంతువులే. లేవీయకాండం మూడో అధ్యాయంలో సమాధానబలి అర్పించేటప్పుడు మూత్రపిండాలు, కార్జం మీది వప, లోపలి కొవ్వు బలిపీఠం మీద దహించాలి. అవి యెహోవా వంతు. విస్కాన్సిన్ అడవిలో కాకులకు వదిలేసే వాటిలో కొన్ని, ఇశ్రాయేలులో మనిషి నోట పెట్టకూడనంత పరిశుద్ధమైనవి. ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదో అధ్యాయం మూడో వచనంలో యాజకుడికి ఇవ్వవలసిన వంతు ఏమిటో తెలుసా? జబ్బ, రెండు దవడలు, పొట్ట. తలకాయ మాంసమూ బోటీ యాజకుడి హక్కు! మా అమ్మ బుట్టలోకి కాలితో నెట్టినది అహరోను కుమారులు గౌరవంగా పుచ్చుకున్నది. ఆ వచనం సెమినరీలో పరీక్షకు చదివాం. అమ్మ బతికి ఉండగా ఆమెకు చదివి వినిపించాలని తోచలేదు.

మన ఊళ్ళో కార్జం పెద్దల వాటా, బోటి బీదల వాటా. అక్కడ కార్జం కూడా కాకుల వాటా. మాంసం మారలేదు, చూసే కళ్ళు మారాయి. ఐదువేల మందికి పెట్టిన తర్వాత మన ప్రభువు శిష్యులతో మిగిలిన ముక్కలు పోగుచేయించాడు (యోహాను 6:12). రొట్టెలు సృష్టించగలిగినవాడికి ముక్కలతో పనేమిటి? పన్నెండు గంపలు మోసింది అపొస్తలులు. మిగిలింది ఏరడం పనివాళ్ళ పని అని ఆయన వాళ్ళను పక్కన కూర్చోబెట్టలేదు.

ఇక మూడో ఒప్పుకోలు. అమెరికా నుంచి వచ్చిన నెలకే మన ప్రేమవిందు జరిగింది. ప్రతి ఏడూ జరిగినట్టే జరిగింది. రెండు వేటలు కోశారు. మా విస్తట్లో ఎవరో ప్రేమతో కార్జం ముక్కలు ఏరి వేశారు. మందిరం వెనక గిన్నెలు తోమిన ముగ్గురు విధవరాళ్ళు పంక్తిలో కూర్చోలేదు. వాళ్ళు వచ్చేసరికి మాంసం అయిపోయింది. బోటి, తలకాయ, కాళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి వాళ్ళ చేతుల్లో పెట్టారు. పదకొండేళ్ళుగా మనం చేస్తున్నది ఇదే. రూతు గురించి తెల్లవారుజామున కన్నీళ్ళతో చదివిన మేము ఆ రోజు నోరు విప్పలేదు. కార్జం తిని చెయ్యి కడుక్కున్నాం.

ఈ మధ్య ఆ ముగ్గురిలో ఒకామెను అడిగాం, ఆ సంచులు తీసుకోవడం బాధగా ఉండేదా అని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "ఇచ్చింది మంచి కూరే అయ్యగారూ. పంక్తిలో పెట్టుంటే ఇంకా బాగుండేది," అంది.

కొరింథు సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ఒకరు తిని తృప్తిపడుతుంటే ఇంకొకరు ఆకలితో ఉన్నారు. లేనివాళ్ళను సిగ్గుపరుస్తారా అని పౌలు నిలదీశాడు (1 కొరింథీ 11:22). ఆ ప్రశ్న ముందు మాకు తగినది. ఊరి పెద్దలు మా అమ్మకు చేసినది తప్పని మేము ప్రసంగాల్లో చెబుతాం. మన మందిరం వెనక మనమే చేస్తే దాన్ని ఏమనాలి? మా అమ్మ బుట్టను నెట్టిన కాలు ఎవరిదో మాకు బాగా గుర్తుంది. సంచులు కట్టిన చేతులు మాత్రం మనవని గుర్తుపట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కాబట్టి సంఘ పెద్దలతో మాట్లాడి ఒక తీర్మానం చేశాం. ఈ క్రిస్మస్‌కు వేటలోని ఏ భాగమూ సంచిలో వెనక గుమ్మం నుంచి పోదు. బోటి, తలకాయ, కాళ్ళు కూడా శుభ్రంగా వండి పంక్తిలో వడ్డిస్తాం. కార్జం విడిగా ఎవరి విస్తట్లోనూ పడదు, మా విస్తట్లోనూ వద్దు. గిన్నెలు తోమినవాళ్ళు మొదటి పంక్తిలో కూర్చుంటారు. వాళ్ళకు వడ్డించేది మేమూ అమ్మగారూ. తినేవాళ్ళు తినండి, ఇష్టం లేనివాళ్ళు వదిలేయండి, ఎవరూ ఎవరినీ అడగవద్దు. ఈ మాట కొందరు పెద్దలకు నచ్చలేదు. ఇంత చిన్నదానికి వ్యాసం రాయాలా అన్నారు. చిన్నదైతే మార్చుకోవడం కూడా సులువే గదా అని చెప్పాం.

దూరదేశాల్లో ఉన్న బిడ్డలారా, ఈ నెలలో మీ దగ్గర మళ్ళీ వేట మొదలవుతుంది. మీలో ఎవరికైనా ఆ తమ్ముడిలా అడగాలనిపిస్తే అడగండి. అనుమతితో అడగండి, జాగ్రత్తతో తీసుకోండి, ఇచ్చినవాణ్ణి భోజనానికి పిలవండి. అడగడం ఇష్టం లేకపోతే మానేయండి. ఏరుకునేవాణ్ణి చూసి నవ్వవద్దు, మీ పిల్లల్ని నవ్వనివ్వవద్దు. మనందరి వెనకా ఎవరో ఒక అమ్మ బుట్ట పట్టుకుని నిలబడింది.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, ముక్కలు పోగుచేయించిన దేవా, మా చేతులకు ఏరుకునే వినయమివ్వు, ఇచ్చేటప్పుడు అవమానించని మర్యాద నేర్పు. మేము దాచిన సిగ్గును, చేసిన తప్పును క్షమించు. నీ బల్ల దగ్గర వెనక గుమ్మం లేదని మా సంఘం ఈ ఏడైనా చూపించేలా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.